లోపలి గడియ

మా ఊళ్ళో ఆడపిల్లకి నడుం కింద ఏ నొప్పి వచ్చినా తప్పంతా రాతిదే. రాతి మెట్టు మీద కూర్చుంది, చలి లోపలికి ఎక్కింది, ఇంకేముంది, రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుట్టరు! మా అమ్మ ఇదే మాట అనేది, వాళ్ళమ్మా ఇదే అనేది. బల్గేరియాలో ఈ మాట అనని ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. నేను ఈ బడి మెట్ల మీదే కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తిని పెద్దదాన్నయ్యాను. ముగ్గురు కొడుకుల్ని కన్నాను, ముగ్గురూ తిండిపోతులే. ఆ మెట్లు నాకు చేసిన అపకారమేమిటో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఇప్పుడు అదే బడిలో నర్సుని. పేరు రాడ్కా, పిల్లలకి మాత్రం సిస్టర్‌ని. కింది అంతస్తులో వంటగది పక్కన నా గది. మంచం, తూకం, మందుల బీరువా, రోజంతా చిక్కుడుగింజల సూపు వాసన. కడుపునొప్పి అని వచ్చేవాళ్ళలో సగం మందిది లెక్కల పరీక్ష నొప్పి. అది నాకు మొహం చూస్తేనే తెలుస్తుంది, లిండెన్ పూల టీ ఇచ్చి పంపేస్తాను.

ఇస్క్రాది ఆ నొప్పి కాదు. ఏడో తరగతి పిల్ల, సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఆ చలికాలంలో మూడోసారి జ్వరంతో నా మంచం మీద ముడుచుకుని పడుకుంది. ఒంటికి పోసుకుంటే మంట, నడుం నొప్పి. డాక్టరు మాత్రలు ఇస్తాడు, తగ్గుతుంది, బడికి వస్తుంది, మళ్ళీ మొదలు. వాళ్ళమ్మ కుట్టుమిల్లులో పని, ఇంట్లో చూసుకునేది అమ్మమ్మ నెదెల్యా. ఆవిడ మనవరాలి నడుముకి ఉన్ని పట్టీ అల్లింది. ఉప్పు వేయించి మేజోడులో పోసి పొత్తికడుపు మీద పెట్టింది. మా డైరెక్టరు పాంచెవ్ గారు ఇంకో అడుగు ముందుకేసి, మెట్ల మీద ఆడపిల్లలు కూర్చోరాదని నోటీసు అంటించారు. విరామంలో డ్యూటీ టీచరు చప్పట్లు కొడుతూ తిరిగేది. "లేవండే, లేవండి! రేపు ఏడుస్తారు!"

"మెట్ల మీద కూర్చున్నావా?" అని ఆ పిల్లని నేను అడగలేదు. "పొద్దుట్నించీ ఎన్ని నీళ్ళు తాగావమ్మా?" అని అడిగాను.

"తాగలేదు."

"నిన్న?"

"ఇంటికెళ్ళాక తాగాను సిస్టర్."

"బళ్ళో దాహం వెయ్యదా నీకు?"

గోడవైపు తిరిగింది. "తాగితే వెళ్ళాల్సి వస్తుంది కదా."

అప్పుడు తట్టింది నాకు. మా బడి మరుగుదొడ్ల తలుపులకి లోపల గడియల్లేవు. ఎనిమిదో తరగతి వాళ్ళు లోపల దూరి సిగరెట్లు కాలుస్తున్నారని పాంచెవ్ గారు రెండేళ్ళ క్రితం అన్నీ ఊడదీయించారు. కాల్చేవాళ్ళు జిమ్ వెనక్కి మారారు, హాయిగా కాల్చుకుంటున్నారు. గడియలు మాత్రం తిరిగి రాలేదు. ఆడపిల్లలు ఇద్దరేసి, ముగ్గురేసి వెళ్తారు, ఒకతి తలుపు పట్టుకుంటుంది. ఈ సంగతి బడిలో అందరికీ తెలుసు, ఎవరికీ పట్టలేదు.

"నీకు తలుపు పట్టుకునేవాళ్ళు లేరా?"

"ఉండేవాళ్ళు." గోడకే చెప్పింది. "అక్టోబర్లో ఎవరో తలుపు తోసేశారు సిస్టర్. బయట తలుపు కూడా తీసే ఉంది. కారిడార్లో అబ్బాయిలు… అందరూ చూశారు. నెలరోజులు దాని గురించే. ఇంకెప్పుడూ వెళ్ళలేదు."

అక్టోబర్ నించి మార్చి దాకా! పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలిన పిల్ల, మధ్యాహ్నం ఇంటికి చేరేదాకా బిగబట్టుకుని కూర్చుంటోంది. పాఠం ఏం వింటుంది? గడియారం చూస్తుంది. మార్కులు పడిపోయాయి, సోమరిపోతు అన్నారు. బడి నృత్య బృందంలో చేతులు పట్టుకుని ఆడే హోరో గొలుసుని ముందు నిలబడి నడిపించే పిల్ల, గెంతలేక మానేసింది. పొగరు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రాతిని తిట్టడానికి ఊరంతా ఉంది, తలుపుని చూడటానికి ఒక్కరు లేరు.

"ఎవరికీ చెప్పకండి సిస్టర్."

"చెప్పను. నీ మీద ఒట్టు."

ఆ మధ్యాహ్నమే డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన మణికట్టుకి మార్చి నెలలో శుభమని కట్టే ఎర్ర తెల్ల దారాలు బోలెడు, పిల్లలు కట్టినవి. చెడ్డవాడని అనను. భయస్థుడు. భయస్థుడి చేతిలో తాళాలుంటే చెడ్డవాడికంటే ఎక్కువ పాడు చేస్తాడు.

"సార్, ఆడపిల్లల దొడ్లకి గడియలు పెట్టించండి."

"మళ్ళీ పొగ మొదలవుతుంది రాడ్కా గారూ."

"పొగ ఎక్కడుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. జిమ్ వెనక్కి వెళ్ళి పీల్చి రండి."

"లోపల గడియ పెట్టుకుని ఎవరైనా కళ్ళు తిరిగి పడితే? జవాబు చెప్పాల్సింది నేను. అయినా ఎవరు ఫిర్యాదు చేశారు? పేరు చెప్పండి."

"పేరు చెప్పను. గడియ కావాలంటే పేరెందుకు?"

ఆయన టేబుల్ మీది కాగితం నావైపు తోశారు. ఇస్క్రా గురించే. పిల్ల ఆరోగ్యం బాగుండటం లేదు కాబట్టి ఇక ఇంటి దగ్గరే చదువు, టీచర్లు అప్పుడప్పుడూ వెళ్ళి పాఠం చెప్పి వస్తారు. శుక్రవారం టీచర్ల సభలో ఖాయం చేస్తారు. నర్సు సంతకం ఒక్కటే తక్కువ. "పాపం, బలహీనమైన పిల్ల. ఇంట్లో వెచ్చగా ఉంటుంది," అన్నారు. పిల్లని బడిలోంచి తీసేయడం సులువు, తలుపుకి నాలుగు మరలు బిగించడం కష్టం! సంతకం చెయ్యకుండానే లేచి వచ్చేశాను.

ఇస్క్రాని అడిగాను, ఇంటిదగ్గర చదువుకుంటావా అని. ఏడుపు ఆపుకుంటూ అంది. "అమ్మమ్మతో రోజంతా కూర్చుంటే నేను కూడా ముసలిదాన్నైపోతాను. నాకు బడి కావాలి సిస్టర్. కానీ ఇలా ఉండలేను."

మర్నాడు బజారులో గడియలు కొన్నాను. మా ఆయన స్క్రూడ్రైవర్ చేతిసంచీలో వేసుకొచ్చి, మొదటి పీరియడ్‌లో నా చేతుల్తో బిగించాను. మూడో పీరియడ్‌కల్లా అవి మాయం. అనుమతి లేకుండా బడి ఆస్తిని మార్చారట, పాంచెవ్ గారు ఊడదీయించి సొరుగులో పెట్టి తాళం వేశారు. కారిడార్లో అందరి ముందూ అడిగారు కూడా. "మీరు నర్సా, వడ్రంగా?"

"రెండూ రాకపోతే ఈ బళ్ళో బతకలేం సార్," అన్నాను. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం నెదెల్యా పెద్దమ్మ నా గదికి వచ్చింది, సంతకం చెయ్యమని అడగడానికే. తలకి రుమాలు, చేతిలో నాకోసం జున్ను పెట్టి కాల్చిన బనిత్సా రొట్టె.

"చేసెయ్యవే అమ్మాయ్. పిల్ల ఇంట్లో ఉంటే నేను వెచ్చగా చూసుకుంటాను. ఆ మెట్లు కూల్చేస్తే గాని ఈ బడి బాగుపడదు."

"పెద్దమ్మా, మెట్ల సంగతి తర్వాత. నాతో ఒకసారి రా."

ఆడపిల్లల దొడ్లోకి తీసుకెళ్ళాను. లోపలికి వెళ్ళి తలుపు వేసుకోమన్నాను. వేసుకుంది. బయట నించి ఒక్క వేలితో తోశాను. తలుపు బార్లా తెరుచుకుంది, ముసలావిడ లంగా పట్టుకుని నిలబడి ఉంది. ఇస్క్రా సంగతి నేనొక్క ముక్క చెప్పలేదు. ఆవిడే ఆ తలుపుని, కారిడార్‌ని, నన్ను మార్చి మార్చి చూసింది. మొహం పాలిపోయింది.

"మా మేకల కొట్టానికి కూడా గడియుందే!" అంది. "మేకలకే!" తర్వాత కాసేపు ఆ డైరెక్టర్ని, ఆయన్ని కన్నవాళ్ళని తిట్టింది. అవి ఇక్కడ రాయడానికి బాగోవు.

శుక్రవారం మధ్యాహ్నం సభ. టీచర్లు పైన పెద్ద గదిలో చేరే వేళకి నేను కింద పనిలో ఉన్నాను. టీచర్ల దొడ్లు రెండు. రెండింటికీ దిట్టమైన ఇత్తడి గడియలు, కాగితం, సబ్బు, అన్నీ ఉంటాయి. ఆ రెండు గడియలూ విప్పి తీసుకెళ్ళి ఆడపిల్లల దొడ్ల తలుపులకి బిగించాను. తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

ఇస్క్రానీ అమ్మమ్మనీ కూడా పిలిపించారు, నిర్ణయం చెప్పడానికి. కింద కారిడార్లో బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ళ పక్కనించి పైకి సభకి వెళ్తూ, "గడియ ఉంది," అని మాత్రం అన్నాను పిల్లతో.

సభ అంటే మా వాళ్ళకి కాఫీ. గ్లాసుల మీద గ్లాసులు. పాంచెవ్ గారు పొగతాగడం గురించీ, క్రమశిక్షణ గురించీ చాలాసేపు మాట్లాడారు. భూగోళం చెప్పే స్తొయ్కా టీచరు లేచి బయటికెళ్ళింది, వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చింది.

"గడియ లేదు! రెండో దానికీ లేదు! ఎలా వెళ్ళమంటారు?"

"ఒకళ్ళు తలుపు పట్టుకుంటే ఇంకొకళ్ళు వెళ్ళండి టీచర్," అన్నాను నేను. "ఈ బళ్ళో అలాగే కదా."

అందరూ నావైపు తిరిగారు. పాంచెవ్ గారు పెన్ను పక్కన పెట్టారు. "ఎక్కడున్నాయి అవి?"

"ఆడపిల్లల తలుపులకి. కొత్తవి బిగిస్తే బడి ఆస్తిని మార్చానన్నారు. ఇవి బడివే, బళ్ళోనే ఉన్నాయి. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకిచ్చాను."

"ఇది దొంగతనం! మిమ్మల్ని తీసేయిస్తాను!"

"నా జీతం మునిసిపాలిటీది సార్. రాసుకోండి. ఎందుకు తీసేయాలో కూడా రాయండి. పదమూడేళ్ళ పిల్లలకి తలుపు వేసుకునే వీలు కల్పించింది అని రాయండి. కింద నేనే సంతకం చేస్తాను. ఇస్క్రా ఇంటి చదువు కాగితం మీద మాత్రం చచ్చినా చెయ్యను. ఆ పిల్ల బలహీనం కాదు. ఈ బళ్ళో ఆడపిల్లలు రోజూ ఓర్చుకుంటున్నది మీరు ఒక్క గంట ఓర్చుకోండి చూద్దాం."

స్తొయ్కా టీచరు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతోంది. పాంచెవ్ గారు విసురుగా లేచి, నా సంచీలోంచి కనబడుతున్న స్క్రూడ్రైవర్ లాక్కుని కిందికి నడిచారు. ఆయన వెనక నేను, నా వెనక సభ మొత్తం.

బెంచీ మీద ఎవరూ లేరు. ఆడపిల్లల దొడ్లో, మూసి ఉన్న ఒక తలుపు ముందు నెదెల్యా పెద్దమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "లోపల మా పిల్ల ఉంది," అంది. ఆయన ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాచి తలుపు తోశారు. కదల్లేదు. మళ్ళీ తోశారు. ఇత్తడి గడియ గట్టిదే.

"ఎవరది? బయటికి రా!" తలుపు దబదబా బాదారు.

లోపల చప్పుడు లేదు. ఈ పిల్ల ఇప్పుడు ఏడుస్తూ బయటికొస్తే, ఇక జన్మలో ఏ తలుపునీ నమ్మదు. పక్కకి తోసేద్దామా ఈయన్ని అనుకున్నాను. నిజంగా చెయ్యెత్తాను.

అప్పుడు లోపల్నించి గొంతు వినిపించింది. సన్నగానే ఉంది, వణుకు మాత్రం లేదు.

"లోపల మనిషుంది సార్."

"ఎవరు?"

"ఇస్క్రా. ఏడో తరగతి."

"వెంటనే గడియ తియ్యి!"

"తియ్యను. మీరు కొట్టకండి. తొందరపెడితే నాకు రాదు."

స్తొయ్కా టీచరు ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, డైరెక్టరు గారిని చేత్తో పక్కకి జరిపి, తలుపు ముందు వరసలో నిలబడింది. "నిమ్మళంగా కానివ్వమ్మా," అంది తలుపుతో. "నీ తర్వాత నేను." ఆవిడ వెనక లెక్కల టీచరు, ఆమె వెనక ఇంకొకామె. పాంచెవ్ గారు స్క్రూడ్రైవర్ పట్టుకుని గోడ వారన మిగిలారు.

చాలాసేపు పట్టింది. ఎవరూ గడియారం చూడలేదు. నీళ్ళ చప్పుడు అయింది, గడియ జారింది, ఇస్క్రా బయటికొచ్చింది. మమ్మల్నందర్నీ చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ ముందుకొచ్చి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది, సబ్బు లేకపోయినా శుభ్రంగా. తలెత్తి ఆయన ముందు నిలబడింది.

"నేను ఇంట్లో కూర్చోను సార్. సోమవారం వస్తాను," అంది.

ఆయన ఏదో అనబోయారు. లోపల్నించి స్తొయ్కా టీచరు గడియ వేసుకుంది.