పొడుగైన కొండదారి

అబిడ్స్‌లోని ఒక చిన్న వీడియోగేమ్ కంపెనీలో సంహిత డిజైనర్. ఆ కంపెనీ తెస్తున్న, ఒంటరిగా ఆడుకునే ఒక ఆటలో కొండెక్కే దారిని ఆమే తయారుచేసింది. విడుదలకు ముందు యజమాని ప్రహ్లాద్ ఆ దారిని బాగా పొడుగు చేయించాడు. విసుగొచ్చినవాళ్లు డబ్బు కట్టి, కొండను త్వరగా ఎక్కించే గుర్రాన్ని ఆటలోనే కొనుక్కుంటారని ఆయన ఆశ.

చెప్పినట్టు చేసిందే కానీ ఆమెకు కుదురు లేకుండా పోయింది. చివరికి ఆట తెరిచి ఆయన చేతికే ఫోన్ ఇచ్చి, "గుర్రం కొనకుండ జర ఎక్కండి సార్" అంది.

కాసేపటికే ఆయన కాళ్లు ఊపడం మొదలుపెట్టాడు. "ఏంది, ఎంత నడిచినా అయిపోతలేదు!" అంటూ గుర్రం బొమ్మ నొక్కి నవ్వాడు. "చూసినవా? నాకే కొనబుద్ధయింది. మస్తు పనిచేస్తది."

సంహితకు ఒళ్లు మండింది. "గట్లయితే మనం ఆట అమ్ముతలేం సార్. ఆడకుండ తప్పించుకునుడు అమ్ముతున్నం."

ప్రహ్లాద్ నవ్వు ఆగింది. అయినా, "రేపే విడుదల. గట్లనే ఉండనియ్" అన్నాడు.

ఆమె పాత దారిని తిరిగి పెట్టి, ఆ సంగతి ఆయనకే చెప్పింది. ఆయన కొండ పనిని వేరొకరికి అప్పగించాడు. సంహిత ఆ మధ్యాహ్నమే ఉద్యోగం మానేసి, నాంపల్లి వైపు గబగబా నడిచింది. స్టేషన్ బయట చాయ్ తీసుకుంది గానీ ఒకచోట నిలబడి తాగలేకపోయింది. తన కొండను ఇప్పుడు ఎవరు, ఇంకెంత పొడుగు చేస్తున్నారోనన్న ఆలోచన ఆమెను వదల్లేదు.