పడలేదన్న మాట

ముఖానికి రాసుకున్న క్రీము బుగ్గను కాలిస్తే, తప్పు క్రీముదా, బుగ్గదా?

గిన్నెలు తోముతూ పెద్దకోడలు అడిగిన ప్రశ్న ఇది. పెరటి షెడ్డులో కుటుంబం తయారుచేసే క్రీముల్లో కొత్త రకాన్ని కొన్నాళ్లుగా రాసుకుంటున్న తోడికోడలు, పొక్కిన బుగ్గ మీద తడిగుడ్డ వేసుకుని కూర్చుంది.

"దాని ఒంటికి పడలేదంతే," అంది అత్తగారు. "నేనూ రాసుకున్నాను, నాకేమైంది?"

"జిడ్డని మర్నాడే మానేశారు కదత్తయ్యా," అంది తోడికోడలు, గుడ్డ తీయకుండానే.

పడలేదు. ఎంత శుభ్రమైన మాట! పొక్కింది బుగ్గ గనక నేరం బుగ్గదే. డబ్బా చేతులు దులుపుకుని తప్పుకుంటుంది. పెళ్లయిన కొత్తలో పెద్దకోడలి గురించీ ఇదే అన్నారు: "ఈ పిల్లకు మన ఇల్లు పడటం లేదు." ఇల్లు ఏం చేసిందని ఎవరూ అడగలేదు. రసాయనశాస్త్రం చదివిన మనిషి ఇంటెడు చాకిరీ చేసి, మాటలు పడి, చివరికి పడి ఉండటం నేర్చుకుంది. ఆమె పట్టా మాత్రం ఆ ఇంటికి చక్కగా పడింది. సరుకు బజారుకెక్కాలంటే, అందులో కలిపినవేవీ చర్మానికి హాని చెయ్యవని చదువుకున్నవారొకరు పూచీ పడాలన్నది చట్టం. జీతమడగని సంతకం వంటింట్లోనే దొరికింది.

పెద్దకోడలు చేతులు తుడుచుకుని షెడ్డులోకి వెళ్లి, క్రీము కలపటం నిలబడి చూసింది. సరుకు చెడకుండా వేసే మందు, చట్టం ఒప్పిన మోతాదుకు రెట్టింపు పడుతోంది.

"పాత రకం ఎండలకు పాడై వాపసొస్తోంది, అందుకే ఇందులో పెంచాను," అన్నాడు భర్త, పూచీ కాగితమూ కలమూ అందిస్తూ. "కొందరి చర్మానికి పడకపోవచ్చని డబ్బా మీద వేయిద్దాం. నువ్వు సంతకం పెట్టి వంట సంగతి చూడు."

"చర్మం ఓర్చుకునేంత వరకే ఆ హద్దు పెట్టారు. దాటితే పడకపోవటం అనరు, కాల్చటం అంటారు."

"ఇంటి మనిషివై ఉండి ఇంటి నోట్లోనే మట్టి కొడతావా?"

"కాలింది ఇంటి మనిషి బుగ్గే." ఆమె కలానికి మూత పెట్టింది. "దీనికి నేను పూచీ పడను. ఎందుకు పడనో తనిఖీ ఆఫీసుకు నేనే చెబుతాను."

'పడను' అన్న మాట ఆ ఇంట్లో ఆమె నోట రావటం అదే మొదలు.

మీ ఇంట్లో ఏ కోడలికైనా ఏదైనా పడలేదని ఈసారి అనబోయే ముందు, ఆమె ముఖాన్ని తప్పుపట్టటం ఆపి డబ్బాను వెనక్కి తిప్పండి. అందులో ఏం పోశారో, ఎవరు పూచీ పడ్డారో చదివి, ఆమెకు వినిపించండి.