వార్నెబ్రింక్‌కు వచ్చిన ఉత్తరం

ఆరుంపావు అయ్యేసరికి లుడ్గర్ మేయర్ మిల్లువీధి ఉత్తరాలన్నీ గళ్ళలో వేసేసి, చర్చి వెనక సందు మొదలుపెట్టాడు. చేతులు వాటంతటవే కదులుతున్నాయి. ఎడమచేతిలో కట్ట. కుడి బొటనవేలు ఒక్కో కవరునూ జారుస్తోంది. పేరు మీద చూపు పడీ పడకముందే కవరు తన గడిలోకి వెళ్ళిపోతోంది. నలభై ఒక్కేళ్ళుగా కాగితం ఒరుసుకుని ఒరుసుకుని ఆ బొటనవేలి చివర నున్నబడిపోయింది. నవంబరు రాగానే అక్కడ చర్మం సన్నగా పగులుతుంది. రాత్రి భార్య హిల్‌ట్రూడ్ పూసిన పగుళ్ళ మందు వాసన వేళ్ళకి ఇంకా వదల్లేదు.

అతని బీటులో ఒక్కో వాకిట్లో ఎనిమిదేసి, పదేసి పిలుపుగంటలుంటాయి. గంట పక్కన ఇంటిపేరు, పెట్టె మీద ఇంటిపేరు. వాటా నంబర్లు ఎవరూ వేయించుకోరు. పేర్లు గుర్తులేని పోస్ట్‌మాన్ వానలో అక్కడే నిలబడిపోవాల్సిందే. మేయర్లే పంతొమ్మిది ఇళ్ళు. తనతో కలిపితే ఇరవై.

పొడవాటి మీగడరంగు కవరు ఒకటి వచ్చింది. మూల మీద బిషప్పుగారి పాతదస్తావేజుల శాల ముద్ర ఉంది. మధ్యలో క్లెమెన్స్ వార్నెబ్రింక్ అని టైపు చేసి ఉంది. బొటనవేలు ఆగింది.

పక్క అరలో సర్దుతున్న నుర్తెన్ తల తిప్పింది. ఈ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా అతని పక్కనే నిలబడుతున్న మనిషి.

"ఏంటి లుడ్గర్, చెయ్యి ఆగింది? గడియారం ఆగిందేమో అనుకున్నా."

"మా అన్నయ్యకి ఉత్తరం."

"ఓ, ఆయనా! నిన్ను 'గారూ' అని తిట్టే ఆయన."

లుడ్గర్ నవ్వబోయాడుగానీ నవ్వు రాలేదు. "ఆగస్టులో రాయించాడు. మా ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, దేశంలో ఇంకా ఎంతమందికి ఉంది అని. ఆశ్రమంలో ఆయన్ని చూసుకునే దనూతా రాసిపెట్టి నా చేతికే ఇచ్చింది, పెట్టెలో వెయ్యమని."

"ఎంతమందికి ఉంటుందేం?"

"ఇంకెంతమంది! ఆయనొక్కడే అని ఉంటుంది."

"అయితే రేపిచ్చుకో. వానలో మోకాలు లాగుతోందన్నావుగా. ఒక్కరోజుకి కొంపలేం మునగవు."

అతను కవరును వృద్ధాశ్రమం గడిలో పెట్టాడు. ఇవాళ వచ్చింది ఇవాళే చేరాలి. ఇష్టం లేని ఉత్తరాన్ని ఒక్కరోజు ఆపినా, తర్వాత ఏ ఉత్తరాన్నయినా ఆపడానికి చెయ్యి వస్తుంది.

ఎనిమిదింటికి పసుపుపచ్చ సైకిలు మీద బయలుదేరాడు. సన్నటి తుంపర. టోపీ అంచునుంచి నీళ్ళు మెడ మీదికి కారుతున్నాయి. పెట్టె తెరవడం, వెయ్యడం, మూత పడకుండా వేలు అడ్డం పెట్టి నెమ్మదిగా దించడం. పడుకున్న పసిపిల్లలుండే ఇళ్ళు అతనికి తెలుసు. మొగుడు పోయి ఏడేళ్ళయినా గంట మీద అతని పేరు తీయనివాళ్ళు తెలుసు. పంతొమ్మిదిమంది మేయర్లలో ఎవరి ఉత్తరం ఎవరికి పోతే గొడవవుతుందో కూడా తెలుసు.

అతనూ వార్నెబ్రింక్‌గానే పుట్టాడు. ఆ ప్రాంతంలో పొలాన్ని ముక్కలు చెయ్యరు. కమతం మొత్తం పెద్దవాడికి పోతుంది, మిగతావాళ్ళు తమ దారి చూసుకుంటారు. నాన్న పోయాక క్లెమెన్స్ కమతం మీద కూర్చున్నాడు, లుడ్గర్ సైకిలెక్కాడు. అందులో కొట్లాటేమీ లేదు. కొట్లాట లుడ్గర్ పెళ్ళికి వారం ముందు వచ్చింది. దేనికి వచ్చిందో ఇప్పుడడిగితే ఇద్దరికీ సరిగా గుర్తుండదు, ఒక కుర్రగుర్రం అమ్మకం దగ్గరేమో. క్లెమెన్స్ మాత్రం ఒక మాట అన్నాడు. "కమతం నాది, పేరూ కమతానిదే. నువ్వు ఊరివాళ్ళ ఉత్తరాలు మోసుకో పో."

పెళ్ళి నమోదు చేసే అధికారి కలం పట్టుకుని అడిగాడు, ఇద్దరికీ ఏ ఇంటిపేరు రాయమంటారని. భార్య పేరైనా పెట్టుకోవచ్చని చట్టం మారి రెండేళ్ళే అయింది. అందరూ పెళ్ళికొడుకు పేరే చెప్పేవారు. లుడ్గర్ నోట "మేయర్" అని హిల్‌ట్రూడ్ పుట్టింటి పేరు వచ్చేసింది. ఆమె తెల్లబోయి అతని మోచెయ్యి పట్టుకుంది. వెనక్కి తీసుకోవడానికి అర నిమిషం ఉంది. తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఉత్తరాలతో కమతం గేటు దగ్గరికి వెళ్తే క్లెమెన్స్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రండి మేయర్ గారూ. మాకేమైనా ఉన్నాయా?"

ముప్ఫై నాలుగేళ్ళు. వానలో, ఎండలో, మంచులో రోజూ అదే మాట, మొదట ఆ గేటు దగ్గర, తర్వాత వృద్ధాశ్రమంలో. క్లెమెన్స్ పెళ్ళి చేసుకోలేదు. లుడ్గర్‌కు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ మేయర్లే. పట్నంలో, మెట్లు లేని వీధుల్లో తేలికబీటు ఇస్తామని ఆఫీసు మూడుసార్లు అంది. మూడుసార్లూ వద్దన్నాడు. "ఆ గేటు దగ్గర తిట్టు తినకపోతే నీకు అన్నం అరగదు" అని హిల్‌ట్రూడ్ అంటుంది. అని, తడిసిన సాక్సులు పొయ్యి పక్క ఆరేస్తుంది. ఆ పైన ఏమీ అడగదు.

తొమ్మిదిన్నరకి కమతం చేరాడు. ఆరేళ్ళ కిందట క్లెమెన్స్ చూపు పోవడం మొదలయ్యాక దాన్ని ఫోస్ అనే పళ్ళడాక్టరు కొన్నాడు. డాక్టరు భార్య గొడుగుతో గేటు దాకా వచ్చి ఉత్తరాలందుకుంది.

"చూశారా మేయర్ గారూ, బేకరీలో మా ఆయన్ని ఇవాళ కూడా 'వార్నెబ్రింక్ గారూ, రొట్టె ఏది ఇమ్మంటారు' అన్నారట. కొన్నది ఇల్లనుకున్నాం, పేరు కూడా కలిపిచ్చారు!"

ఆవిడ సరదాగానే అంది. లుడ్గర్ తలూపి సైకిలు తిప్పుకున్నాడు. ఈ మాట క్లెమెన్స్ చెవిన పడితే ఆరోజు భోజనం మానేస్తాడు.

వృద్ధాశ్రమానికి ఎప్పుడూ పదకొండుకు చేరతాడు. ఇవాళ పది నిమిషాలు ఆలస్యమైంది. వాకిట్లో కాళ్ళు ఎక్కువసేపు తుడుచుకున్నాడు. ఆ కవరులో ఒక అంకె ఉంటుంది. ఒకటి అనే ఉంటుంది. మూడో నాలుగో కావలసింది ఒకటయింది తనవల్లే. ముప్ఫై నాలుగేళ్ళుగా అన్నయ్య పైకి అనకుండా దాచుకున్న మాటకి ఇప్పుడు ముద్ర కూడా పడి వచ్చింది. ఆ మాట ఎలాగూ వినాలి. దాని తర్వాత 'గారూ' కూడా మిగలదేమోనన్నదే అతని భయం.

క్లెమెన్స్ కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో గళ్ళ దుప్పటితో కూర్చుని ఉన్నాడు. నడుము వంగలేదు. చొక్కా పైగుండీ దాకా పెట్టి ఉంది. కళ్ళు మాత్రం ఎదుటి మనిషి పక్కన ఎక్కడో చూస్తాయి. పెదవుల రంగు నాలుగు రోజులుగా బాగాలేదు.

"ఆలస్యమైంది మేయర్ గారూ."

"వాన."

"వాన నిన్నా ఉంది. ఏముంది మాకు?"

"దస్తావేజుల శాలనుంచి వచ్చింది."

క్లెమెన్స్ చెయ్యి చాపి, కవరు అంచులు తడిమి, మళ్ళీ ఇచ్చేశాడు. "దనూతా కింద స్నానాలు చేయిస్తోంది, గంటదాకా రాదు. మీకు చదవడం వచ్చుగా. చదవండి."

లుడ్గర్ నిలబడే కవరు చించాడు. రెండు పేజీలు.

"'బ్రింక్ అంటే ఊరి అంచున కాస్త ఎత్తుగా ఉండే పచ్చికగట్టు. వార్నె అంటే ఏమిటో రూఢిగా చెప్పలేము, తొలినాటి ఆసామి పేరు కావచ్చు. ఆ గట్టు మీది కమతం 1668 నాటి పన్ను జాబితాలో మొదటిసారి కనిపిస్తుంది.'"

"చెప్పానా!" క్లెమెన్స్ గడ్డం ఎత్తాడు. "కానివ్వండి."

"'తమ కుటుంబం విషయంలో ఒక సంగతి గమనించాలి. ఈ ప్రాంతంలో పేరు మనిషిది కాదు, కమతానిది. ఎవరు కాపురముంటే వారికి అది వచ్చేది. 1721లో కొడుకులు లేనందున కూతురు ఎల్స్కెను పెళ్ళాడిన హిన్రిష్ రోటర్ట్ ఆ ఇంట చేరి, నాటినుంచి వార్నెబ్రింక్ అయ్యాడు. 1758లో ఆ ఇంటి వితంతువును పెళ్ళాడిన పాలేరు బెర్న్‌ట్ ల్యూకె కూడా అంతే. 1794లో గేర్డ్ వోల్బెక్. 1831లో కూలికి వచ్చిన యోసెఫ్ టెన్‌హాగెన్, ఆ ఇంటి కూతురు కాథరీనాను పెళ్ళాడాడు. తమరు అతని సంతతి.'"

కింద ఎక్కడో పళ్ళేలు కడుగుతున్న చప్పుడు. క్లెమెన్స్ చెవిని కాగితం వైపు తిప్పాడు.

"మళ్ళీ చదువు."

లుడ్గర్ మళ్ళీ చదివాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా చదివాడు. తర్వాత ఆఖరి పంక్తులకి వచ్చాడు. "'పదిహేనేళ్ళ కిందటి టెలిఫోను పుస్తకాల్లో దేశం మొత్తం మీద ఈ పేరు ఆరుచోట్ల ఉంది. ఈ ఏడాది ఒక్కచోటే కనిపిస్తోంది. అది తమదే.'"

అంకె వచ్చేసింది. అతను కాగితం దించి, దెబ్బ కోసం చూశాడు.

"అంటే అల్లుళ్ళు" అన్నాడు క్లెమెన్స్.

"ఊ."

"నాలుగుసార్లూ."

"నాలుగుసార్లూ."

"సొంతపేరు చెక్కచెప్పులతో పాటు గుమ్మం బయట విడిచేసి, పెళ్ళాం చెయ్యి పట్టుకుని లోపలికొచ్చారు."

"అలాగే ఉంది ఇందులో."

క్లెమెన్స్ కిటికీ వైపు తిరిగాడు. ఆ కళ్ళకి కిటికీ ఒక తెల్లటి మసక మాత్రమే. గళ్ళ దుప్పటి మీద వేళ్ళు దేన్నో లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"వాళ్ళలో మేయర్ ఎవడూ లేడుగదా?"

లుడ్గర్ నిజంగానే వేలు పెట్టి వెతికాడు. "లేడు."

"బతికించావు."

పెదవి ఒక పక్కకి కాస్త వంగింది. అది నవ్వేనా అన్నది లుడ్గర్‌కు తెలియలేదు. ఆ ముఖంలో నవ్వు చూసి చాలా ఏళ్ళయింది. కాగితాలు మడిచి అన్న అరచేతిలో పెట్టాడు. ఆ చెయ్యి చల్లగా, తేలిగ్గా ఉంది. ఒకప్పుడు కుర్రగుర్రాన్ని ఒంటిచేత్తో ఆపిన చెయ్యి అది.

"నీ తిరుగుడు ఎన్నింటికవుతుంది?"

"రెండున్నరకి. సైకిలు అప్పజెప్పి వచ్చేసరికి మూడు."

"ఊ." దుప్పటి మీదికి లాక్కుని, "తలుపు వేసి పో. చలి" అన్నాడు.

మిగిలిన బీటు ఎలా తిరిగాడో అతనికి సరిగా తెలియదు. వాన వెలిసింది. మోకాలు లాగుతూనే ఉంది. చక్కెరదుంపల లారీలు రోడ్డంతా బురద చేసిపోయాయి. చదువు అన్నాడు. పో అన్నాడు. నీ తిరుగుడు అన్నాడు. సాక్సు మీద మడమ దగ్గర తడి ఎక్కుతుంటే ఆ మూడు మాటలే మళ్ళీ మళ్ళీ తిప్పుకున్నాడు. నౌమాన్ పెట్టెలో వెయ్యాల్సిన కవరు నోయ్‌మాన్ పెట్టెలో వేసి, రెండువందల గజాలు పోయాక గుర్తొచ్చి, వెనక్కి వచ్చి గంట కొట్టి అడిగి తీసుకున్నాడు. ఉద్యోగంలో చేరాక అలా జరగడం అదే మొదలు. నోయ్‌మాన్‌గారి భార్య "ఒంట్లో బావుందా?" అంది. "బావుంది, బావుందండీ" అన్నాడు, రెండుసార్లు.

రెండున్నరకి సైకిలు అప్పజెప్పాడు. ఇంటికి వెళ్ళి బట్టలు మార్చుకుందామా అనుకుని, ఆలస్యమవుతుందని మానేశాడు. మురికినీళ్ళ మరకల ప్యాంటుతోనే నడిచాడు. మూడింటికి ఇంకా అయిదు నిమిషాలుండగా ఆశ్రమం వాకిలి దగ్గర తలెత్తి చూశాడు. రెండో అంతస్తులో అన్న కిటికీ రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి.

నవంబరులో అక్కడ కిటికీ అలా తీసేది ఒక్కందుకే. పోయినమనిషి ప్రాణం బయటికి వెళ్ళడానికి.

అతను మెట్లు మామూలు వేగంతోనే ఎక్కాడు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి.

దనూతా గదిలోనే ఉంది. క్లెమెన్స్‌ను మంచం మీద పడుకోబెట్టి, జుట్టు తడి దువ్వెనతో దువ్వి పెట్టింది. చేతుల మధ్య జపమాల. ముఖం ఎప్పటిలాగే కచ్చితంగా ఉంది.

"రెండుంపావుకి" అంది దనూతా. "కుర్చీలోనే. మందులివ్వడానికి వస్తే పలకలేదు. నొప్పేమీ పడలేదు మేయర్ గారూ, ఆ ముఖం చూస్తే తెలుస్తుంది." కళ్ళు తుడుచుకుంది. "భోజనం కాగానే వంటింటికి కబురుపెట్టాడు. మూడింటికి నా తమ్ముడొస్తాడు, బటర్ కేకు రెండు ముక్కలు తెమ్మన్నాడు. నాలుగేళ్ళుగా చూస్తున్నా, ఒక్క చుట్టం రాలేదు. మీకు తమ్ముడున్నాడా పెద్దాయనా అన్నాను. 'మరి ఇన్నాళ్ళూ నా ఉత్తరాలు ఎవడు తెస్తున్నాడనుకున్నావ్' అని నామీద అరిచాడు."

లుడ్గర్ టోపీ తీసి మంచం పక్కన నిలబడ్డాడు. చెప్పాలనుకుని దారంతా తెచ్చుకున్న మాట ఒకటే. "అన్నయ్యా" అన్నాడు. దనూతా వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

కిటికీ పక్క చిన్నబల్ల మీద రెండు పళ్ళేలున్నాయి. ఒకదానిలో కేకు ముక్క అంచు కాస్త గిల్లి ఉంది, వచ్చేదాకా ఆగలేనట్టు. రెండోదాని మీద కాగితపు రుమాలు కప్పి ఉంది. గాలికి దాని నాలుగు మూలలూ లేస్తున్నాయి, పైన అడ్డంగా పెట్టిన ఫోర్కు దాన్ని ఎగరనివ్వడం లేదు.