చుక్కాని వదిలిన చేయి

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, ఫిబ్రవరి పదకొండు, శనివారం. ఆకాశంలో మబ్బు తునక లేదు. తెల్లవారుజామున పలచగా వేసిన చలి ఎండ రాగానే ఎటో జారుకుంది. వాయవ్యం నించి గాలి వీస్తోంది గానీ, దండెం మీది జేబురుమాలు కొసని కదిపేంతే. పడవ నేర్చుకునేవాళ్లకి అంతకన్నా మంచి గాలి ఉండదని పడవల బడి మావయ్య అంటాడు. పసిపిల్లాడి నోటికి ముద్ద ఎంతుండాలో, కొత్తవాడి తెరచాపకి గాలి అంతే ఉండాలని ఆయన సిద్ధాంతం.

ఆ రోజు బడికి సెలవు. అయినా వ్యానమ్మ లేస్తూనే వ్యాన్ కడగడం మొదలుపెట్టింది. బడిపిల్లల్ని ఇళ్ల నించి తెచ్చి, మళ్లీ ఇళ్లకి చేర్చే వ్యాన్ అది. దాన్ని నడుపుతుంది కాబట్టి పిల్లలు వ్యానమ్మ అన్నారు, పిల్లల నోట పడ్డ పేరు కాబట్టి ఊరంతా అదే ఖాయం చేసింది. ఇంట్లో మొగుడు కూడా అలాగే పిలిచేవాడు, కాకపోతే కొంచెం మెల్లగా.

"ఇవాళ పరీక్ష పెట్టుకుని ఆ చక్రాలు తోముతావేమే?" అన్నాడతను గుమ్మంలో నించి.

"ఊరికే కూర్చుంటే చేతులు ఊరుకోవడం లేదు."

"అదేగా నీ జబ్బు."

జబ్బంటే జబ్బే. బస్సులో వెనక సీట్లో కూర్చున్నా ఆవిడ కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. పక్కింటావిడ తాళం తీయడానికి తంటాలు పడుతుంటే చూస్తూ నిలబడలేదు, లాక్కుని తీసేస్తుంది. మొగుడి గ్లాసులో చక్కెర తనే కలుపుతుంది, అతను అక్కడే చెంచా పట్టుకుని కూర్చున్నా సరే. మంచితనమే, కాదనం. కానీ ఆ మంచితనమే ఆవిడ్ని రెండుసార్లు పరీక్ష తప్పించింది.

చిన్న పడవల్లో తెరచాప నడపడం నేర్పేవాళ్లకి ఒక సర్టిఫికెట్ ఉంటుంది. పడవ నడపడం వస్తే సరిపోదు. అది వ్యానమ్మకి పదేళ్లప్పుడే వచ్చు, మేనమామ, అంటే ఈ మావయ్యే, నేర్పాడు. శిక్షకుల పరీక్షలో బొత్తిగా ఏమీ రానివాణ్ణి పడవలోకి ఎక్కించి, చుక్కాని వాడి చేతికిచ్చి, ఊరి చెరువు నడిమధ్యన గుర్తుగా తేలే ఎర్ర బోయా చుట్టూ తిప్పించి తీసుకురావాలి. నోటితో ఎంతైనా చెప్పొచ్చు. చుక్కాని మాత్రం ముట్టుకోకూడదు. ప్రాణం మీదికొస్తే తప్ప.

ముట్టుకుని, ముట్టుకోలేదని బొంకడానికి ఆ చెరువు మీద వీల్లేదు. ఆ చెరువు సంగతి కొంచెం చెప్పాలి. వేరే ఊళ్లలో నీటి మీద రాత అంటే నిలవనిదని అర్థం. అక్కడ అలా కాదు. పడవ వెళ్లిన దారి నీటి మీద పాలనురుగు లాంటి సన్నటి గీతగా అలాగే ఉండిపోతుంది. చుక్కాని ఎవరి చేతిలో ఉంటే గీత వాళ్లది. చేతిరాత పోల్చుకున్నట్టు ఊళ్లోవాళ్లు గీతలు పోల్చుకుంటారు. "నిన్న డాక్టరుగారు మనసు బాగోక తిరిగినట్టున్నారు, చూడు ఎలా గీశారో" అని బట్టలుతికేచోట మాట్లాడుకుంటారు. చేపలు పట్టేవాళ్లు ఎక్కడ దొరికాయో అబద్ధం చెప్పడం ఎన్నో తరాల కిందటే మానేశారు. గట్టి వాన పడితే గీతలు చెరగవు, అడుక్కి దిగుతాయి. దాని మీద కొత్త నీరు, కొత్త గీతలు. అంతే. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు, మీరు మీ ఊరి ఎండ గురించి మాట్లాడుకోనట్టే.

అందుకే మొదటిసారి పరీక్షలో వ్యానమ్మ పోస్టాఫీసు ఆవిడతో వెళ్లొచ్చినప్పుడు, పరీక్షాధికారిణి పడవలు కట్టే జెట్టీ మీద నిలబడి గొడుగు కొసతో ఒకచోటు చూపించింది. పీత నడకలా వంకర టింకరగా పోతున్న గీత మధ్యలో, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి ముక్క ఒకటి.

"ఇక్కడ ఎవరు నడిపారు?"

"ఆవిడేనండీ."

"చెరువు మీరంటోంది."

వ్యానమ్మ తల దించుకుంది. రెండోసారి కూడా అంతే. ఎప్పుడు చేయి వేసిందో తనకే తెలియదు. గాలి ఒక్క ఉదుటున వచ్చేసరికి చేయి తనంతట తనే వెళ్లిపోయింది.

ఈసారి తప్పితే ఇక లేదు. ఎందుకంటే, ఊరి పడవల బడి నడుపుతున్న మావయ్య కళ్లలో పొర కమ్మి, ఆయన సర్టిఫికెట్‌ని పైవాళ్లు పొడిగించడం మానేశారు. సర్టిఫికెట్ ఉన్న శిక్షకులు లేకపోతే వేసవి నించి ఒడ్డున ఉన్న పడవల షెడ్డు హోటలాయనకి ఇచ్చేస్తామని మునిసిపాలిటీ వాళ్లు తేల్చి చెప్పారు. హోటలాయన అప్పుడే వచ్చి బల్లలెక్కడ వేయాలో అడుగులతో కొలుచుకుని పోతున్నాడు. మావయ్య ఆ అడుగుల చప్పుడు వింటూ, తెరచాప చిరుగుకి మాసిక వేస్తూ, "పొడుగు చాలుతుందా?" అని మర్యాదగా అడిగేవాడు. ఆయన మర్యాద అలాంటిది. అవతలివాడు ఆ పూట భోజనం చేయలేడు.

*

జెట్టీ దగ్గరికి వెళ్లేసరికి పరీక్షాధికారిణి పక్కన లైఫ్‌జాకెట్ తొడుక్కుని నిలబడ్డ మనిషిని చూసి వ్యానమ్మ కాళ్లాగిపోయాయి. బావ. మావయ్య కొడుకు. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. చెరువొడ్డున పుట్టి, చెరువు కనపడకుండా వెనకవీధి నించి ఆఫీసుకి వెళ్లే మనిషి.

"నువ్వా బావా!"

"నేనే. ఈ ఊళ్లో చెరువంటే పడనివాడు నేనొక్కణ్ణేనట. ఈవిడ ఆఫీసుకొచ్చి మరీ అడిగింది. నాన్న అడిగితే రానుగానీ, పరాయి ఆవిడ అడిగితే ఎలా కాదంటాం?"

మావయ్య షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కొడుకు గొంతు విని తల ఇటు తిప్పాడు. సూదీ దారం ఒళ్లో ఆగిపోయాయి.

తండ్రీ కొడుకుల మధ్య మాటలు లేవని కాదు. కూర ఎలా ఉంది, కరెంటు పోయింది, అలాంటివి ఉంటాయి. పడవ గురించి మాత్రం లేవు. ఎందుకో ఊళ్లో ఎవరికీ తెలియదు. వ్యానమ్మకీ తెలియదు.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటా, చెప్పినట్టు విను," అంది పడవ ఎక్కుతూ.

"పట్టుకోకు తల్లీ. నువ్వు అన్నీ పట్టేసుకుంటావనే కదా ఈ గొడవంతా."

పరీక్షాధికారిణి నవ్వు ఆపుకోవడానికి గొడుగు తెరిచింది.

తాడు విప్పారు. తెరచాప ఒకసారి టపటపలాడి, గాలి పట్టి, పొట్ట పెంచుకుంది. బావ చుక్కాని పిడిని పాము మెడ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"వదులుగా పట్టుకో. పిడి ఎటు నెడితే పడవ దానికి ఎదురు వైపు తిరుగుతుంది. అంతే కిటుకు."

"మా ఆవిడ కూడా అంతే. అలవాటే."

"మాటలు తర్వాత. బోయా మీద కన్నుంచు."

వ్యానమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువేసి కూర్చుంది. పడవ తాగినవాడిలా ఇటో అడుగు అటో అడుగు వేస్తూ పోతోంది. వెనక గీత పడుతోంది. బావ ఒకసారి మెడ తిప్పి చూశాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి, నీటి మీద తన గీతని చూసి నోరు తెరిచాడు.

"అది నాదేనా?"

"నీదే. ముందు చూడు."

"ఎంత దరిద్రంగా ఉందో."

"మొదటి గీత ఎవరిదైనా అంతే. ముందు చూడు బావా!"

బోయా చుట్టూ తిరిగారు. మలుపులో తెరచాప కింది కర్ర అటు నించి ఇటు ఊగి వచ్చింది. వంగమంటే వంగాడు. లేవమంటే లేచాడు. తను చెప్పడం, అతను చేయడం. ఆ రెంటి మధ్య కాస్త ఎడం ఉంది, అందులో ఆవిడ ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చుంది.

బోయా దాటి లోతు వైపు వచ్చారు. అప్పటికి మూడేళ్లుగా ఊళ్లో సరైన వాన లేదు. నీరు బాగా తగ్గింది. తగ్గేకొద్దీ ఒకప్పుడు అడుక్కి దిగిన గీతలన్నీ పైకి కనబడుతున్నాయి. ఒడ్డు మీద నించి తెలియదు. నడిమధ్యకి వచ్చి తొంగిచూస్తేనే తెలుస్తుంది. వ్యానమ్మ చూసింది. కింద ఇంకో చెరువు ఉంది. పొర కింద పొర, దాని కింద పొర, పల్చటి ఎండలో వెండి దారాల్లా మెరుస్తూ. తను పుట్టకముందు పోయినవాళ్ల గీతలు. ఒకే తెడ్డుతో అవతలి ఒడ్డుకి ప్రసవం కోసం పరుగెత్తిన మంత్రసాని గీత, బాణంలా. ఎక్కడికీ వెళ్లాలని లేని ఎవరో ప్రేమికుల గీత, గుండ్రంగా, మళ్లీ మళ్లీ గుండ్రంగా. తుపాను రోజున మొదలై, మధ్యలో ఆగిపోయి, ఇక లేని గీతలు కొన్ని. వాటి దగ్గర నీళ్లు చల్లగా ఉన్నట్టనిపించింది. ఇన్ని చేతులు! ఊళ్లో ఇప్పుడున్న మనుషులకంటే పోయిన చేతులే ఎక్కువ. ఒక్కటీ పోలేదు. అన్నీ అక్కడే, పడవ అడుగుకి జానెడు కింద, ఒకదాన్నొకటి తాకకుండా పడుకుని ఉన్నాయి. తను పాఠం చెప్పాలన్న సంగతే ఒక్క క్షణం మరిచిపోయింది.

"అదిగో," అన్నాడు బావ.

పడవకి ముందు, నీటి కింద, చిన్న గీత ఒకటి. చాలా చిన్నది. కోడిపిల్ల నడిచినట్టు వంకరగా, బెదురుగా, కానీ ముందుకే పోతోంది. కాస్త దూరం పోయి ఠపీమని తెగింది. తెగినచోట నించి లావుగా, తిన్నగా, కత్తితో కోసినట్టు ఇంకో గీత మొదలై సూటిగా ఒడ్డుకి పోయింది. ఆ తిన్నటి గీత ఎవరిదో ఊళ్లో పసిపిల్లాడైనా చెబుతాడు. మావయ్యది.

"నాకు ఏడేళ్లు," అన్నాడు బావ. "గాలి తోసింది. నేను తిప్పుతున్నాను, నిజంగా తిప్పుతున్నాను. నాన్న లాగేసుకున్నాడు. అంతే. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది."

సరిగ్గా అప్పుడే గాలి విసిరింది. జేబురుమాలు గాలి కాదు. నీటి మీద నల్లటి మరక పరుగెత్తుకొచ్చి తెరచాపని గుద్దింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. అంచు నీళ్లని తాకింది. వ్యానమ్మ కుడిచెయ్యి తొడ కింద నించి ఎప్పుడు బయటికొచ్చిందో, పిడికి బెత్తెడు దూరంలో ఉంది. ఇంకో రెప్పపాటైతే పట్టేసుకునేది.

ఆవిడ కళ్లు మాత్రం నీటి కిందే ఉన్నాయి. ఆ తెగినచోటు మీద. ముప్ఫై ఏళ్ల పైచిలుకుగా ఒక చేయి చేసిన పని అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. ఇవాళ తను లాక్కుంటే దాని మీద ఇంకో తెగిన గీత పడుతుంది. ఎన్ని వానలు కురిసినా అదీ అలాగే ఉంటుంది.

చేయి వెనక్కి తీసుకుంది. తీసుకోవడం అంటే మాటలు కాదు. బావిలోంచి నిండు బిందె చేదినంత పనైంది.

"తెరచాప తాడు కొంచెం వదులు బావా," అంది. "పిడిని తెరచాప వైపు నెట్టు. నీ దగ్గరికి లాక్కోకు. నెట్టు. నువ్వే. నీకు వచ్చు."

బావ నెట్టాడు. పడవ ముక్కు గాలిలోకి తిరిగింది. ఒరిగిన పడవ నిట్టూర్చినట్టు నిటారుగా లేచింది. తెరచాప టపటపలాడింది, తర్వాత ఊరుకుంది.

వెనక్కి చూసుకున్నారిద్దరూ. అడుగు నించి ఆ ఏడేళ్ల పిల్లాడి గీత పైకి వస్తోంది, నిద్ర లేచినట్టు మెల్లగా. దాని తెగిన కొస నీటి మీదికి తేలి, ఇప్పుడే పడ్డ కొత్త గీతని తాకింది. తాకి, అతుక్కుంది. అతుకు కనబడలేదు.

ఒడ్డుకి చేరేదాకా పిడి బావ చేతిలోనే ఉంది.

పరీక్షాధికారిణి కళ్లజోడు పెట్టుకుని, జెట్టీ ఈ చివర నించి ఆ చివర దాకా నడిచి గీతంతా చదివింది. మధ్యలో ఒకచోట చాలాసేపు ఆగింది. "ఇంత వంకర గీత నా ఉద్యోగంలో చూడలేదు," అని, వ్యానమ్మ వైపు తిరిగి, "మొత్తం ఆయనదే. వచ్చే వారం నించి పిల్లల్ని చేర్చుకోండి," అంది.

మావయ్య తడుముకుంటూ జెట్టీ దాకా వచ్చాడు.

"గాలి గట్టిగా తగిలినట్టుంది. ఎక్కడరా?"

"నువ్వు లాక్కున్న చోటే," అన్నాడు బావ.

మావయ్య చేయి చాపి, కొడుకు తడిసిన చొక్కా చెయ్యిని వెతికి పట్టుకున్నాడు. ఈసారి లాగలేదు. కొడుకు నడిపించినట్టు నడిచాడు.

*

రెండేళ్లకి వానలు బాగా పడిన కార్తెలో మావయ్య పోయాడు. ఇల్లు బావకి రాశాడు. పడవలు, తెరచాపలు, మాసికలు వేసే సూదుల డబ్బా, షెడ్డులో నేర్పే హక్కు వ్యానమ్మకి. హోటలాయనకి స్టూలు దక్కింది. ఎందుకంటే కొలతలకి వచ్చినప్పుడు ఆయన దాన్ని బాగుందన్నాడట. ఆదివారాలు బావ తన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పడవేసుకుని వెళతాడు. చుక్కాని ఆ పిల్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి, చెరువు మీద సగం ఆ పిల్లదే అయింది.

బడిపిల్లలకి, పోస్టాఫీసు ఆవిడకి, ఆఖరికి హోటలాయనకి కూడా వంకరో టింకరో చెరువు మీద తలా ఒక గీత వచ్చింది. వ్యానమ్మకి ఏమీ రాలేదు. ఆ ఫిబ్రవరి తర్వాత ఆవిడ ఏ పడవలోనూ చుక్కాని పట్టలేదు. నేర్పడానికే పొద్దు చాలదు. పాత గీతలేమో వానలకి అడుక్కి దిగిపోయాయి. ఇవాళ నీటి మీద వెతికితే ఆవిడది ఒక్క గీతైనా కనబడదు.

పొద్దునపూట మీరు జెట్టీ మీదికి వెళితే, ఏదో ఒక పడవలో, చేతులు తొడల కింద పెట్టుకుని, వెనక్కి తిరిగి ఇంకెవరిదో గీత పడటం చూస్తూ కూర్చున్న మనిషి ఉంటుంది. ఆవిడే.