తక్కువ పొగ తెచ్చిన తంటా

2009 ఏప్రిల్‌లో మేబెల్ టీచర్ కారుకి పదిహేనేళ్లు నిండాయి. అంటే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. బండిని తిరుమలగిరి రవాణా ఆఫీసుకి తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. దానికి ముందు పొల్యూషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

మామూలు కారైతే ఇదంతా ఒక పూట పని. మేబెల్ కారు మామూలుది కాదు.

నేరేడ్‌మెట్‌లో ఉండే మేబెల్ ఇరవై రెండేళ్లుగా ఒక హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతోంది. పరీక్ష హాల్లో ఎవరు పక్కవాడి పేపర్లోకి చూస్తున్నా ఆమె వెనక్కి తిరక్కుండానే పేరు పెట్టి పిలుస్తుంది. ఏడేళ్లుగా ఆదివారం ఉదయం చర్చి, మధ్యాహ్నం సీతాఫల్‌మండిలో మెకానిక్ బ్రహ్మచారి షెడ్డు. పేరుకే బ్రహ్మచారి, ముగ్గురు మనవలున్నారు. ఇంజన్‌లోకి పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బ్యురేటర్ విప్పి బిగించడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. అలాంటి మనిషి చేతనే ఆమె తన కారు కార్బ్యురేటర్ పీకించేసింది. దాని చోట అదే కంపెనీ కొత్త మోడల్ నుంచి తీసిన, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెట్టించింది. రేసు కార్లవాళ్లు వాడే చిన్న కంప్యూటర్ డబ్బా ఒకటి కోయంబత్తూరు నుంచి తెప్పించి బిగించింది. సైలెన్సర్ గొట్టంలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ కూడా వేయించింది. ల్యాప్‌టాప్ ఆ డబ్బాకి తగిలిస్తే చాలు, ఇంజన్‌కి ఎంత పెట్రోలు పోవాలో ఆమె చెప్పినట్టే జరుగుతుంది.

ఇలాంటి మార్పులకి రవాణా ఆఫీసు అనుమతి కావాలి. ఇదంతా చేసేముందు అక్కడ ఎవరినీ అడగలేదు. అప్పట్లో అడగాలని ఆమెకు తోచనే లేదు.

"కార్బ్యురేటర్ ఏదని అడుగుతరు టీచరమ్మా," అన్నాడు బ్రహ్మచారి. "పాత బండి గదా. ఏం జెప్తం?"

"పాత ఎయిర్ ఫిల్టర్ మూత ఉందా?"

ఉంది. ఒకప్పుడు కార్బ్యురేటర్ మీద ఉండేది, గుండ్రంగా, పళ్లెమంత మూత. దాన్ని తళతళలాడేలా తుడిచి, కొత్త సామాను మీద బోర్లించి, నట్టు బిగించాడు. పైనుంచి చూస్తే అచ్చం పదిహేనేళ్ల కిందటి ఇంజనే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

సోమవారం ఉదయం మేబెల్ స్కూలుకి సెలవు పెట్టి, బ్రహ్మచారిని వెంటబెట్టుకుని పెట్రోలు బంకుకి వెళ్లింది. అక్కడ వ్యానులో మిషన్ పెట్టుకుని పొగ పరీక్షలు చేసేది తుకారాం. సైలెన్సర్లో గొట్టం దూర్చి అంకె చూశాడు. గొట్టం తీసి, దులిపి, మళ్లీ దూర్చాడు.

"సున్నా పాయింట్ సున్నా ఎనిమిది," అన్నాడు. "గిదేంది మేడం?"

"మంచిదేగా? మూడు దాటకపోతే పాసే కదా?"

"మంచిదే గానీ, జెర ఎక్కువ మంచిగుంది. తొంభై నాలుగు మోడల్, కార్బ్యురేటర్ బండి. దీనికి ఇంత తక్కువ రాదు. పోయిన నెల గిట్లనే ఒకాయన సైలెన్సర్‌కి పక్కన బొక్క కొట్టి గాలి కలిపిండు. సర్టిఫికెట్ ఇచ్చినందుకు నాకు నోటీసు వచ్చింది. నేనియ్య."

"బొక్క ఉందేమో వంగి చూసుకో."

"చూసిన, లేదు. అందుకే ఇంకా పరేషాన్ అయితుంది. మీరు సాఫ్‌గా రిపేర్ చేయించుకుని రాండ్రి."

కారు పక్కకి తీసి ఆపారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నూటికి వంద వచ్చిన పేపర్ని ఫెయిల్ చేయడం మేబెల్ ఎప్పుడూ చూడలేదు. నిజం చెబుదామా అంటే మూత తీసి చూపించాలి. చూపిస్తే ఆ మాట ఆఫీసు దాకా పోతుంది.

బ్రహ్మచారి గొంతు తగ్గించాడు. "టీచరమ్మా, గా ల్యాప్‌టాప్‌తోని బండిని జెర ఖరాబ్ చెయ్యరాదుండ్రి?"

ఆమె ఆయన వైపు అదోలా చూసింది. తర్వాత బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. నాలుగు మీటలు నొక్కింది. ఇంజన్ గొంతు బరువెక్కింది. పెట్రోలు వాసన గుప్పుమంది. తుకారాం మళ్లీ గొట్టం దూర్చాడు. రెండు పాయింట్ ఒకటి.

"గిదీ బండంటే!" అని మొహం విప్పారగా ముద్ర వేసి ఇచ్చాడు. "ఏం చేసిన్రు?"

"ప్లగ్గులు చూసినం," అన్నాడు బ్రహ్మచారి గంభీరంగా.

తిరుమలగిరి దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్కనున్న స్కూటరాయన దగ్గి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కారుని అసహ్యంగా చూశాడు. మేబెల్‌కి చెవులు వేడెక్కాయి. సిగ్నల్ దాటాక కారు పక్కకి ఆపి, నొక్కిన నాలుగు మీటలూ వెనక్కి నొక్కేసింది.

"సర్టిఫికెట్ చేతికొచ్చింది కదా. ఇంకా ఈ కంపు ఎందుకు?" అంది.

ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ వెంకటరత్నం సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. బయటి సర్టిఫికెట్లు నమ్మడు. పాత బండి ఏదొచ్చినా ఆవరణలో ఉన్న మిషన్ పెట్టి తనే చూస్తాడు. ఆ సంగతి వీళ్లకి తెలియదు.

ఆయన అంకె చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"మేడమ్, మీ సర్టిఫికెట్లో రెండు పాయింట్ ఒకటి ఉంది. ఇక్కడ సున్నా పాయింట్ సున్నా ఎనిమిది చూపిస్తోంది. తక్కువ రాయించుకొచ్చేవాళ్లని రోజూ చూస్తుంటానండీ. ఎక్కువ రాయించుకొచ్చిన మనిషిని మాత్రం ఇదే చూడటం."

"తొవ్వల ప్లగ్గులు సాఫ్ చేసినం సార్," బ్రహ్మచారి అందుకున్నాడు.

"ఇప్పుడేనా? ఏదీ, చేతులు చూపించు."

ఆఫీసుకి పోతున్నాం కదా అని బ్రహ్మచారి ఆ పొద్దున సర్ఫుతో అరగంట సేపు చేతులు తోముకున్నాడు. గోళ్ల సందుల్లో కూడా నలుపు లేదు. ఆ శుభ్రమైన చేతులు చాపి తలొంచుకున్నాడు.

వెంకటరత్నం బానెట్ ఎత్తించాడు. మెరుస్తున్న మూతను చూశాడు. నట్టు తిప్పి లేపాడు. కింద వైర్లు, ఇంజెక్టర్లు, వాటి వెనక కంప్యూటర్ డబ్బా. వరసలో నిలబడ్డ లారీ డ్రైవర్లు కూడా వచ్చి తొంగిచూశారు.

మేబెల్‌కి పరీక్ష హాల్లో తన ముందు నిలబడే పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లు అబద్ధం మీద అబద్ధం పేర్చుకుపోతుంటే ఆమెకెంత చిరాకో! ఇంక దాచదలచుకోలేదు. కార్బ్యురేటర్ తీయించిన దగ్గర్నుంచి సిగ్నల్ దగ్గర నొక్కిన మీటల దాకా ఒక్కటీ వదలకుండా చెప్పేసింది.

"అంటే, బాగున్న బండిని పాడుచేశారు. ఎందుకండీ?"

"పాస్ అవడానికి."

డ్రైవర్లు గొల్లుమన్నారు. వెంకటరత్నం నవ్వలేదు. లోపలికెళ్లి లావుపాటి పుస్తకం తెచ్చుకుని, బెంచీ మీద కూర్చుని, వేలితో గీత వెంబడి గీత చదివాడు. వీళ్లిద్దరూ ఎండలో నిలబడ్డారు. బ్రహ్మచారి నెమ్మదిగా "బండి గుంజుకుంటరా?" అని అడిగాడు. మేబెల్‌కి ఏడేళ్ల ఆదివారాలు కళ్ల ముందు తిరుగుతున్నాయి.

ఆయన పుస్తకం మూసి లేచాడు. "ఇలా మార్చకూడదని కాదు. మార్చేముందు మమ్మల్ని అడగాలి. మీరు అడగలేదు. ఇవాళ పాస్ చెయ్యను. ఏమేం మార్చారో కాగితం మీద పెట్టి, బిల్లులు జతచేసి అర్జీ ఇవ్వండి. అది తేలేదాకా బండి రోడ్డెక్కకూడదు. తర్వాత సరైన సర్టిఫికెట్ తీసుకురండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ మూత మాత్రం తీసెయ్యండి. కారుకి టోపీ పెట్టారనుకోవాలో, నాకు పెట్టారనుకోవాలో తెలియడం లేదు."

అర్జీ తేలడానికి ఐదు వారాలు పట్టింది. మేబెల్ అంతవరకు ఎక్కడికి వెళ్లాలన్నా సిటీబస్సే ఎక్కింది. అర్జీకి జతగా డబ్బా ఎలా పనిచేస్తుందో బొమ్మలు గీసి ఎనిమిది పేజీలు రాసింది. వెంకటరత్నం రెండుసార్లు కబురు పెట్టి, అర్థం కానిచోట ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి, మళ్లీ రాయించాడు. తన పేపరు ఇంకొకరు దిద్దడం ఆమెకి కాలేజీ రోజుల తర్వాత ఇదే మొదలు.

జూన్‌లో తుకారాం దగ్గరికి బానెట్ తెరిచే వెళ్లారు. అతను లోపలంతా చూసి, అనుమతి కాగితం చదివి, చిన్నబుచ్చుకున్నాడు.

"గీ ముచ్చట మొదలే చెప్తే అయిపోవు గదా మేడం! నా మిషన్ ఖరాబైందని మూడు దినాలు బంద్ పెట్టి, విప్పి చూసుకున్న."

మేబెల్ మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పింది. బ్రహ్మచారి చాయ్ తాగించాడు. అంకె సున్నా పాయింట్ సున్నా ఏడు వచ్చింది. ఈసారి తుకారాం గొట్టం దులపకుండానే ముద్ర వేశాడు.

ఆ మధ్యాహ్నం ఐదేళ్లపాటు చెల్లే రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది. ఆఫీసు గేటు దాటాక బ్రహ్మచారి ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లోకి తీసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"టీచరమ్మా, ఇగ భయం లేదు గదా. గీ మీటలు నొక్కుడు నాకు సుత నేర్పుండ్రి."

"కార్బ్యురేటరే బండికి ప్రాణం అనేవారుగా?"

"అన్న. గిప్పుడు సుత అంట. అయినా నేర్చుకుంట."

మేబెల్ నవ్వి, కారు చెట్టు నీడకి తీసి ఆపింది. ల్యాప్‌టాప్ తెరిచి ఆయన వైపు తిప్పింది. బ్రహ్మచారి చొక్కా అంచుకి చేతివేళ్లు తుడుచుకుని, మొదటి మీట ఎక్కడుందని అడిగాడు.