వెనక సీటు మాటలు

గోడలకు చెవులుంటాయంటారు. కళ్లద్దాల కొట్లో అద్దాలు అరగదీసే అతని ఇంట్లో గోడలు తక్కువ, చెవులు ఎక్కువ. రెండు గదుల్లో అమ్మ, అన్నా వదినలు, వాళ్ల పిల్లలు, తనూ, భార్యా. మొగుడూ పెళ్లాలు మనసు విప్పి మాట్లాడుకోవడానికి మిగిలిన చోటల్లా మోటార్‌సైకిల్ సీటు. పొద్దున్నే ఆమెను ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి దింపేలోగా సంసారంలోని సంగతులన్నీ ఆ సీటు మీదే తేలేవి.

అలాంటి బండికి అతను కొత్త సైలెన్సర్ పెట్టించాడు. కారణం పెద్దదేమీ కాదు. కొట్టు యజమాని ఒకసారి బండి చప్పుడు విని, కుట్టుమిషన్ ఎవరు తొక్కుతున్నారని అడిగాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మెకానిక్ పాత గొట్టం విప్పి, పొట్టి స్టీలు గొట్టం బిగించి, చప్పుడు తగ్గించే లోపలి జాలీని ఇదెందుకు దండగంటూ పీకి చేతిలో పెట్టాడు. బండి స్టార్ట్ చేస్తే ఎదురింటి కిటికీలు గజగజలాడాయి. కుట్టుమిషన్ పీడ విరగడైంది.

మర్నాడు వెనక నుంచి ఆమె ఏదో చెప్పింది. ఒక్క ముక్క వినబడలేదు. వినబడటం లేదంటే సైలెన్సర్ విప్పమంటుంది. అందుకని హెల్మెట్ ఊపాడు. ఇంకేదో అడిగింది. మళ్లీ ఊపాడు.

చిత్రమేమిటంటే సంసారం బాగుపడింది. అడ్డు తగలకుండా, "అది కాదే" అనకుండా మొగుడు తన మాట చివరిదాకా వినడం ఆమెకు పెళ్లయ్యాక ఇదే మొదలు. దిగేటప్పుడు భుజం తట్టేది. సాయంత్రాలు కూనిరాగాలు తీసేది. ఇదంతా స్టీలు మహిమ అనుకుని అతను ఆదివారాలు గొట్టాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. వీధివాళ్లు తిట్టుకునేవారు గానీ, అదీ వినబడేది కాదు.

ఒకరోజు ఆసుపత్రి గేటు దగ్గర పెద్ద నర్సు అతన్ని ఆపింది.

"రెండేళ్ల చదువుకి పెళ్లాన్ని వేరే ఊరు పంపడమంటే మాటలా బాబూ? ఎన్నిసార్లు అడిగినా సరేనన్నారట. ఉత్తర్వు కూడా వచ్చేసింది."

అతను తల ఊపాడు. అప్పటికి మెడకు అదే అలవాటైపోయింది.

ఆ రోజు కొట్లో రెండు అద్దాలు పాడుచేశాడు. నిజం చెబితే ఆమె ఆగిపోతుంది. కానీ ఇన్నాళ్లూ తన మనసంతా విప్పి చెప్పుకున్నది ఒక ఇనపగొట్టానికని తెలుస్తుంది. చెప్పకపోతే, ఆమె లేకుండా ఆ ఇంట్లో రెండేళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. సాయంత్రం నేరుగా మెకానిక్ దగ్గరకు వెళ్లి పాత సైలెన్సరే బిగించమన్నాడు.

ప్రయాణం రోజున సూట్‌కేసు ట్యాంకు మీద పెట్టుకుని ఆమెను స్టేషన్‌కు బయల్దేరదీశాడు. బండి కుట్టుమిషన్‌లా బుద్ధిగా నడుస్తోంది. సగం దూరం పోయాక ఆమె ముందుకు వంగింది.

"మొదటిసారి అడిగినప్పుడు మీరు వద్దంటారనే అనుకున్నానండీ. వద్దంటే మానేద్దామనే అడిగాను. మీరు తల ఊపాకే, నేనూ చదవగలనని నమ్మకం కుదిరింది."

ఒక్క అక్షరం పోకుండా వినబడింది. అతను బండి నెమ్మది చేశాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, తల ఊపాడు. ఇన్ని నెలల్లో విని ఊపడం అదే మొదలు.