కొత్త తిట్టు వైపు రా

పొగమంచు కమ్మేసరికి సుల్గి ఇంకా సముద్రం వెనక్కి తగ్గిన బురదలోనే ఉంది.

సుల్గి నా తోడికోడలు. ముప్ఫై ఏళ్లుగా ఒకే వంటగదిలో కొట్టుకు చస్తున్నాం. ఆ రోజూ కిమ్చీ పచ్చడిలో ఉప్పెక్కువైందని నేనంటే, మూతి తిప్పుకుని బురదలో గుల్లలేరడానికి పోయింది. మధ్యాహ్నానికే మంచు దిగింది. సముద్రపు పోటు మొదలైంది.

మంచు పడితే మా ఒడ్డున బేసిన్ వాయిస్తాం. బురదలో ఉన్నవాళ్లు ఆ చప్పుడు పట్టుకుని నడిచొస్తారు. కిమ్చీ కలిపే సత్తు బేసిన్ తెచ్చి ఠంగుఠంగుమని బాదాను. చెయ్యి నొప్పెట్టి ఆపాను. చప్పుడు మాత్రం ఆగలేదు. సముద్రం వైపు నుంచి వస్తోంది.

అమ్మో, గోడ!

ఏటేటా పైకొస్తున్న సముద్రాన్ని ఆపడానికి సియోల్ ఇంజనీర్లు పెంచిన ఆల్చిప్పల గోడ అది. ప్రాణమున్న గోడ. చేపల్ని పిలవాలని దానికి చప్పుళ్లు నేర్పారు. ఇప్పుడు ఏది వింటే అది మళ్లీ మళ్లీ చేస్తోంది.

"అక్కా! రెండు వైపులా మోగుతోంది! ఎటు రానూ?" సుల్గి ఏడుస్తోంది.

"ఇటు రావే!"

"ఇటు రావే!" అంది గోడ, అచ్చం నా గొంతుతో.

అప్పుడు తట్టింది. దానికి విన్నదే తప్ప కొత్తది రాదు.

"ఒసేయ్, కొత్త తిట్టు వైపు రా! పాతదైతే అది గోడ! ఉప్పు కొలవడం రాని మొద్దూ!"

"మొద్దూ..." అంది సముద్రం.

"పీతమొహమా! అత్తకి చాడీలు చెప్పినదానా! నా ఎర్రకోటు కాల్చినదానా!"

"కోటు కాల్చింది మీ ఆయన!" సుల్గి గొంతు ఈసారి దగ్గరగా వినిపించింది.

నీళ్ల హోరు పెరిగింది. నాకు తిట్లు అయిపోయాయి. నాకు, తిట్లు అయిపోవడం! ఏడుపొచ్చేసింది.

"సుల్గీ, నువ్వు లేకపోతే నేను బతకలేనే తల్లీ!"

ఎన్నడూ అనని మాట. కాసేపటికి మొలలోతు నీళ్లలోంచి ఓ చెయ్యి నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు మంచు పడ్డప్పుడల్లా సముద్రం నా గొంతుతో ఆ మాటే అంటుంది. ఇవాళ సుల్గి చెప్పుల్లేకుండా వాకిట్లోకి వెళ్లి అటే చూస్తూ నిలబడింది.

"ఎంత బాగా పిలుస్తోందో అక్కా," అంది.

జబ్బ పట్టి లోపలికి లాగాను. "ప్రేమగా పిలిచేది నేను కాదే! పోకే!"